తమ్ముడికి ఇవ్వని బియ్యం

పెత్రమాస వచ్చిందంటే మా ఇంట్లో పొద్దున్నే ఒక తగువు. ఆ సాయంత్రమే బతుకమ్మ మొదలవుతుంది కాబట్టి ఊళ్లో ఆడవాళ్లంతా గునుగు పూలు, తంగేడు పూలు ఏరుకునే తొందరలో ఉంటారు. మేము మాత్రం ఒక ఆరేళ్ల పిల్లవాడు చచ్చాడా బతికాడా అని కొట్లాడుకునేవాళ్లం.

పెత్రమాస అంటే పెద్దల అమావాస్య, ఆ రోజు పెద్దలకు బియ్యం ఇస్తారు. ఇంట్లో పోయినవాళ్ల పేరున చాటలో బియ్యం, పప్పు, చింతపండు, ఒక గుమ్మడికాయ ముక్క పెట్టుకుని కూర్చుంటే, అయ్యగారు వచ్చి ఒక్కొక్కరి పేరూ చదివి నీళ్లు వదిలించి తీసుకుంటారు. ఒక పేరున బియ్యం ఇచ్చామంటే ఆ మనిషి పోయాడని ఇంటివాళ్లే ఒప్పుకున్నట్టు. బతికున్నవాడి పేరున ఇస్తే అంతకన్నా పాడుపని లేదు. శత్రువుకు కూడా ఎవరూ అంత పని చేయరు.

మా అవ్వ, అంటే మా అమ్మ, తన తండ్రి పేరున బియ్యం ఇప్పించేది. తల్లి పేరున, ఇద్దరు చిన్నాయనల పేరున ఇప్పించేది. తల్లిగారింట్లో ఇచ్చే మగదిక్కు మిగల్లేదు కాబట్టి బిడ్డ కొడుకు వరసన మా తమ్ముడి చేత ఆ పని చేయించేది. తన తమ్ముడి పేరు వచ్చేసరికి మాత్రం చాట మీద చెయ్యి అడ్డం పెట్టేది.

"వానికొద్దు. వాడు ఉరికిండు. నేను సూసిన."

ఏటా ఇవే మాటలు. మా బాపు బతికున్నన్నాళ్లూ పళ్లు కొరికేవాడు. "ఆరేండ్ల పోరడు అడివిల వడి ఉరికితే యాడ బతుకుతడే? బియ్యం ముట్టక ఆ జీవి మన ఇంటి సుట్టే తిరుగుతున్నది" అనేవాడు. బాపు పోయాక ఆ పాట మా తమ్ముడు అందుకున్నాడు. పిల్లలకు జ్వరం వచ్చినా, బోరు ఎండిపోయినా, బియ్యం ఇవ్వని మేనమామ మీదికే నెట్టేవాడు. మాకు జుట్టు నెరిసింది, మా తమ్ముడికి మనవరాలు పుట్టింది, మా మేనమామకు మాత్రం ఆరేళ్లు దాటలేదు.

అవ్వ తల్లిగారి ఊరు లింగంపేట అవతల, అడివి అంచున ఉండేది. నిజాం రాజ్యం చివరి రోజుల్లో, వానాకాలం, ఒక తెల్లవారుజామున రజాకార్లు ఆ ఊరి మీద పడ్డారు. మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. ఇళ్లకు నిప్పు పెట్టారు. అవ్వకు అప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు ఉంటాయి. తండ్రీ, ఇద్దరు చిన్నాయనలూ పడిపోవడం చూసింది. ఇల్లు విడిచి రానని మొండికేసిన తల్లి ఆ ఇంట్లోనే కాలిపోవడం చూసింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని దొడ్డిదారిన పరుగెడుతుంటే వాడు చెయ్యి గుంజుకుని వాగు వైపు ఉరికాడు. మక్కచేలో, మొక్కజొన్న సాళ్ల మధ్య వాడి తల కాసేపు కనబడింది, తరవాత కనబడలేదు. ఆ వైపు తుపాకి పేలలేదు. శవం దొరకలేదు. అవ్వకు తెలిసింది అంతే, ఆమె పట్టుకుని కూర్చున్నదీ అంతే.

అవ్వను దాచింది ఆ ఊరి దర్జీ సాయబు భార్య. తన గడ్డివాములో కూర్చోబెట్టి, పైన గడ్డి కప్పి, వెతకడానికి వచ్చినవాళ్లకు ఎదురుగా నిలబడి ఇక్కడెవరూ లేరని చెప్పింది. కొద్దిరోజులకే సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, రోజులు తిరగబడ్డాయి. అప్పుడు ఆ దర్జీ భార్య బావిలో శవమై తేలింది. తనే పడిందా, ఎవరైనా పడేశారా అని మేం ఎన్నిసార్లు అడిగినా అవ్వ నోరు విప్పలేదు. కానీ పెత్రమాస నాడు అయ్యగారు వెళ్లిపోయాక గిన్నెడు బియ్యం కొంగున కట్టుకుని ఎల్లారెడ్డి పోయేది. దర్గా దగ్గర కూర్చునే ఫకీరు జోలెలో పోసి వచ్చేది. ఎవరి పేరున అని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

అవ్వ లెక్కలో తిరకాసు ఏమీ లేదు. చూసిన చావుకు బియ్యం ఇవ్వాలి. చూడని చావుకు ఇవ్వకూడదు.

రాఖీ పున్నం నాడు తమ్ముడి పేరున ఒక రాఖీ తెచ్చి నడింటి కిటికీ చువ్వకు కట్టేది. కడుతూ వాడి మొహం చెప్పేది. ముందు పన్ను ఊడి కొత్తది సగం వచ్చింది. ఎడమ కనుబొమ్మలో దూడ తన్నిన గాటు. దొప్పల్లాంటి చెవులు. నవ్వితే ఒక కన్ను మూసుకుపోతుంది. మాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చిన మొహం అది. ఆ ఊళ్లో ఫొటో అన్న మాటే ఎరగని రోజులు కాబట్టి అవ్వ కళ్లలో తప్ప వాడు ఇంకెక్కడా లేడు.

"ముసలోడైతేంది, నవ్వితే గుర్తువడ్త" అనేది.

నేను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సులో కండక్టరు ఉద్యోగం చేసినన్నాళ్లూ అవ్వ నన్ను వదల్లేదు. ఇంటికి పోగానే అడిగేది. "ఇయ్యాల ముసలోళ్లు ఎక్కిండ్రా? నవ్వంగ సూసినవా?" నా బస్సులో ముసలివాళ్లు నవ్వడం తక్కువ. చిల్లర దగ్గర నా నోటికి జడిసి ఉన్న నవ్వు మింగేసినవాళ్లే ఎక్కువ. అయినా చూసేదాన్ని. కన్నతల్లి అడిగితే చూడకుండా ఎలా ఉంటాను? సర్వీసంతా ముసలివాళ్ల కళ్లు చూసి, రిటైరయి, కామారెడ్డిలోనే ఇల్లు కట్టుకున్నాను. అవ్వ ఎల్లారెడ్డి పక్క పల్లెలో మా తమ్ముడి దగ్గర ఉండేది.

ఎల్లారెడ్డి నీళ్ల ట్యాంకు మీద దీపాల ఆలోచన పుట్టింది ఒక మంచివాడి మాటలోంచి. అది మాత్రం చెప్పాలి.

మా తమ్ముడి వాడకట్టులోని ఒకతను ఇరాక్ పోయి, కొన్నేళ్లు హోటల్లో గిన్నెలు కడిగి తిరిగి వచ్చాడు. తను పనిచేసిన పట్నం గురించి ఒకరోజు మాతో చెప్పాడు. ఆ దేశంలో ఒక జాతివాళ్లను ఊళ్లకు ఊళ్లు విషవాయువు వదిలి చంపారట. ఏటా వాళ్లను తలుచుకునే రోజున పట్నం నడిబొడ్డున ఉన్న పాత కోటకు దీపాలు పెడతారట. జనం కింద నిలబడి చూస్తారట.

"ఒక్కలు మాట్లాడరక్కా. అంతమంది ఉంటరు, ఒక్క మాట ఇనిపించది. పనికి పోయిన మాకేం సంబంధం చెప్పు. అయినా ఏడుపొచ్చింది" అన్నాడు.

ఆ మాట మా దగ్గర ఆగిపోతే బాగుండేది. అతను అదే ముచ్చట పటేల్ దగ్గర కూడా చెప్పాడు. పటేల్ అంటే ఆ చుట్టుపక్కల అందరికన్నా ఎక్కువ భూమి ఉన్న రైతు. ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయి, జనం ముందు నిలబడటానికి ఆయనకు ఏదో ఒకటి కావాలి. వారం తిరక్కుండా ఒక కమిటీ వేశాడు. మన దగ్గర కోట లేదు, గడియారం స్తంభమూ లేదు. ఎల్లారెడ్డిలో దూరం నుంచి అందరికీ కనబడేది నీళ్ల ట్యాంకే. నా డ్రైవర్లు కూడా ట్యాంకు కనబడగానే ఊరొచ్చిందని హారన్ కొట్టేవాళ్లు. ఆ ట్యాంకుకే దీపాలు పెడదామని తీర్మానించారు. మా అవ్వ తల్లిగారి ఊళ్లో చచ్చిపోయిన ప్రతి మనిషికీ ఒక పెద్ద బల్బు, మా యాసలో బుగ్గ.

ఒకరోజు నేను మా తమ్ముడి ఇంట్లోనే ఉన్నాను. అవ్వ వసారాలో కూర్చుని తునికాకు కత్తిరిస్తోంది. ఈ వయసులో బీడీలు చుట్టమని ఎవరూ అడగలేదు, ఆమె వేళ్లు ఊరుకోవు. పటేల్ వచ్చాడు. వెనకాల ఇరాక్ పోయొచ్చినతను, కమిటీవాళ్లు ఒకరిద్దరు.

"అవ్వా, మీ తల్లిగారి ఊరోళ్లకు ట్యాంకు మీద దీపాలు వెడ్తున్నం. మనిషికో బుగ్గ. ఆ దినం సూసినోళ్లల్ల నువ్వొక్కదానివే మిగిలినవ్. స్విచ్చి నువ్వే ఒత్తాలె" అన్నాడు పటేల్.

"మంచిదే పటేలా. మా నాయినకు వెట్టుండ్రి. మా అవ్వకు వెట్టుండ్రి."

"మీ తమ్మునికి గూడ వెడ్తున్నం."

కత్తెర ఆగింది.

"వానికొద్దు. వాడు ఉరికిండు."

"ఉంటే ఇన్నేండ్లకు రాకపోవునా అవ్వా?"

"రానోళ్లంత సచ్చినోళ్లేనా? మన ఊర్లకెల్లి దుబాయి పోయి రానోళ్లు ఎంతమంది లేరు. వాళ్లకు గూడ బుగ్గలు వెడ్తవా?"

ఇరాక్ పోయొచ్చినతను తల దించుకుని నవ్వాపుకున్నాడు. పటేల్‌కు నవ్వు రాలేదు. అవ్వ అంగట్లో బేరమాడినట్టు నెమ్మదిగా అడిగింది.

"వాని బుగ్గ దర్జీ సాయబు పెండ్లానికి వెట్టు పటేలా. ఆమె సచ్చింది. మనోళ్లే బాయిల ఏసిండ్రు. నేను సూసిన."

డెబ్బై ఏళ్లకు పైగా కడుపులో దాచుకున్న మాట అది. కన్నపిల్లలకు చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు. తమ్ముణ్ణి బతికించుకోవడానికి ఆ మాటను ఒక పటేల్ చేతిలో పెట్టింది. ఆయన ఏం చేశాడు? ఫోను తీసి అందులోకి చూశాడు.

"గది వేరే ముచ్చట అవ్వా. గిప్పుడు మన పోగ్రాంల గది రాదు" అన్నాడు.

బయటికి వెళ్తూ గేటు దగ్గర మా తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. నాకు వినబడదనుకున్నాడు. "పెద్దోళ్లు సచ్చిండ్రంటే జనం ఇని ఊకుంటరు. చిన్న పోరడంటే కండ్లల్ల నీళ్లొస్తయి. గా పోరడు లేకుంటే పోగ్రాం లేవది" అన్నాడు.

నా నోరు మంచిది కాదని బస్సులో ఎక్కినవాళ్లందరికీ తెలుసు. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"సచ్చిన పోరడే కావాల్నా అన్నా? మీ ఇంట్ల మనుమడున్నడు గద. వాని పేరు మీద వెట్టుండ్రి ఒక బుగ్గ."

పటేల్ మొహం మాడిపోయింది. "ఏందమ్మా గా మాటలు? బంగారమసొంటి పిలగాణ్ణి పట్టుకొని" అన్నాడు. అంటే అర్థమవుతుంది. బతికున్నవాడికి చచ్చినవాడి దీపం పెట్టడం ఎలాంటిదో ఆయనకు బాగానే అర్థమవుతుంది, తన ఇంటి గడప వరకు. మా అవ్వకు తను చేస్తున్నది అదే పని అన్నది మాత్రం బుర్రకెక్కలేదు.

మా తమ్ముడికి వేదిక మీద కుర్చీ వేసి శాలువా కప్పుతామన్నారు. వాడికది చాలు. "బియ్యం ఇయ్యనియ్యకపోతివి, దీపమన్న వెట్టనియ్యి అవ్వా, ఇంటికి మంచిగైతది" అని రెండు రోజులు సతాయించాడు. అవ్వ ఒప్పుకోలేదు. మూడో రోజు వాడు వచ్చి, "సరే, మామ బుగ్గ తీసేయమని చెప్పిన" అన్నాడు. అబద్ధం. తల్లి ముందు కూర్చుని, కళ్లలోకి చూస్తూ ఆడిన అబద్ధం. తండ్రి కోసం, తల్లి కోసం దీపం చూడవచ్చని అవ్వ మంచి చీర తీసి కట్టుకుంది.

దీపాలు పెట్టే రోజు సాయంత్రం నేను కామారెడ్డి నుంచి బస్సులో వచ్చేసరికి ఎల్లారెడ్డిలో ట్యాంకు చుట్టూ జనం. కుర్చీలు, టెంటు, మైకు. మా బస్సు ఆగే చోట ఎన్నో ఎండాకాలాలు నాకు చల్లటి నీళ్లు ఇచ్చిన పండ్లబండి ముస్లిం పెద్దాయన చీకటి పడకముందే బండి మీద పట్టా కప్పేస్తున్నాడు. ఇప్పుడే పోతున్నారేమిటని అడిగాను.

"ఇయ్యాల జల్ది పోతేనే మంచిదమ్మా" అన్నాడు. నన్ను చూసి రోజూ నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు.

ట్యాంకు స్తంభాల మధ్య పెద్ద ఫ్లెక్సీ కట్టారు. చచ్చిపోయినవాళ్లకు ఫొటోలు లేవు కదా, ఫోనులో ఎవరో మొహాలు తయారు చేశారు. తలపాగా చుట్టిన మగవాళ్లు, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు, అందరూ స్టూడియోలో దిగినట్టు నున్నగా ఉన్నారు. నడిమధ్యన, అందరికన్నా పెద్దగా, ఒక పిల్లవాడు. తెల్లటి తెలుపు. బుగ్గన సొట్ట. నోటినిండా పళ్లు. కింద మా మామ పేరు.

అవ్వను ముందు వరసలో కూర్చోబెట్టి ఉన్నారు. ఆమెకు చదువు రాదు, ఫ్లెక్సీ వైపే చూస్తోంది.

"గీ పోరడెవ్వడే? ఎవలింటోడు?" అని అడిగింది నన్ను.

నేను తమ్ముడి కోసం వేదిక వైపు చూశాను. పక్కనున్న ఇరాక్ పోయొచ్చినతను కిందికి వంగి చెప్పాడు. "మీ తమ్ముడేనట అవ్వా. ఫోన్ల చేసిండ్రు."

అవ్వ నవ్వింది. "వీడా? వీనికి పండ్లన్ని ఉన్నయి గద" అంది. చిన్నపిల్లలు తప్పు చేస్తే పెద్దవాళ్లు నవ్వే నవ్వు అది. ఇప్పుడే చెబితే సరిచేసుకుంటారు అన్నంత నమ్మకంగా నవ్వింది.

పటేల్ మైకు తీసుకున్నాడు. అక్కడ ఎవరూ చూడనిది, ఎవరూ చెప్పనిది ఒకటి చెప్పాడు. ఆ పసివాణ్ణి తల్లి చేతుల్లోంచి గుంజి, నేలకు కొట్టి, మంటల్లోకి విసిరారని. విసిరేముందు వాడు అక్కా అని పిలిచాడని. జనంలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన కావాలనుకున్న నీళ్లు ఆయనకు దొరికాయి.

అవ్వ లేచింది. ఎనభై దాటిన మనిషి, కుర్చీలు పట్టుకుంటూ మైకు దగ్గరికి పోయింది. "లేదు. వాడు ఉరికిండు. నేను..." అనేవరకే వినబడింది. మైకు కట్టేసి పాట పెట్టారు. ఆమె పెదవులు కదులుతున్నాయి, డప్పు పాటలో ఏమీ వినబడలేదు. జనం మాత్రం చప్పట్లు కొట్టారు. ముసలామె ఏదో గొప్ప మాట చెప్పిందనుకున్నారు.

తరవాత స్విచ్చి. ఒక్కో పేరు చదువుతుంటే ట్యాంకు మీద ఒక్కో బల్బు వెలిగింది. తండ్రి పేరు, తల్లి పేరు, చిన్నాయనల పేర్లు. ప్రతిసారీ అవ్వ తనే నొక్కింది, నొక్కి దండం పెట్టింది. ఆఖరున తమ్ముడి పేరు చదివారు. అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుని చీరలో దాచుకుంది. పటేల్ నవ్వుతూ ఆ చెయ్యి బయటికి లాగాడు. పొగాకు వాసన వదలని ఆ వేలు తన వేళ్లతో పట్టుకుని స్విచ్చి మీద పెట్టి నొక్కాడు. అవతలి వైపు నుంచి ఆమె భుజం పట్టుకున్నది మా తమ్ముడే, మెడలో శాలువాతో. నేను జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కేసరికి ట్యాంకు నెత్తిన ఎర్ర బల్బు వెలిగింది. నినాదాలు, ఈలలు. పండ్లబండి పెద్దాయన తొందరగా ఎందుకు వెళ్లాడో ఆ నినాదాల్లో తెలిసింది.

నేను తమ్ముడి మెడలో శాలువా లాగి కింద పారేశాను. అందరూ చూస్తుండగా తిట్టాను. ఆ మాటలు ఇక్కడ రాయను, వాడు వాటన్నిటికీ అర్హుడే.

ఇరాక్ పోయొచ్చినతను జనం వెనక నిలబడి ఏడుస్తున్నాడు. "గిట్ల కాదక్కా అక్కడ, గిట్ల కాదు" అన్నాడు. అవ్వ చుట్టూ ఫోన్లు పట్టుకుని సెల్ఫీలకు ఎగబడుతున్నారు. ఎవరో ఒకామె, "జర ఏడువు అవ్వా, వీడియో మంచిగొస్తది" అని బతిమాలుతోంది. అవ్వ ఏడవలేదు. ట్యాంకు మీది ఎర్ర బల్బు వైపు చూస్తూ కూర్చుంది.

తెల్లారి దీపాలు విప్పుకుపోయారు. అవి అద్దెకు తెచ్చినవి, ఎక్కడో పెళ్లికి కావాలట. ఫ్లెక్సీ కొన్నాళ్లు గాలికి కొట్టుకుని మాయమైంది.

అవ్వను నాతో కామారెడ్డి తీసుకొచ్చాను. తిండి తినేది, అడిగితే మాట్లాడేది. కానీ పొద్దస్తమానం కళ్లు మూసుకుని కూర్చునేది. నిద్రపోతున్నావా అంటే లేదనేది. ఎప్పుడూ ఆగని వేళ్లు ఒళ్లో ఊరికే పడి ఉండేవి. నేను మనసు బాగాలేదనుకున్నాను, కొన్నాళ్లకు సర్దుకుంటుందనుకున్నాను.

పెత్రమాస ముందురోజు ఆమెను మళ్లీ తమ్ముడింటికి తీసుకుపోతున్నాను. బియ్యం ఇప్పించాలి, తప్పదు. షేర్ ఆటోలో పోతుంటే వాన మొదలైంది. రోడ్డు పక్కన ఆరబోసిన మక్క కంకులను రైతులు గబగబా కుప్పచేసి ఏది దొరికితే అది కప్పుతున్నారు. ఒక కుప్ప మీద ఆ ఫ్లెక్సీ. సరిగ్గా పిల్లవాడి మొహం పైకి వచ్చేలా పరిచి, చుట్టూ రాళ్లు పెట్టారు.

"ఆటో ఆపుమను" అంది అవ్వ.

దిగి, వానలో ఆ కుప్ప దగ్గరికి పోయింది. కొంగుతో ఆ పిల్లవాడి మొహం మీది నీళ్లు తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ పడుతున్నాయి, మళ్లీ తుడిచింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"వాడు మామ కాదవ్వా. ఫోన్ల చేసిన బొమ్మ."

"ఎరుకనే" అంది.

మర్నాడు పొద్దున అయ్యగారు వచ్చారు. తమ్ముడితో నేను మాట్లాడటం మానేశాను కాబట్టి గోడకానుకుని దూరంగా కూర్చున్నాను. తండ్రి పేరు, తల్లి పేరు, చిన్నాయనల పేర్లు అయిపోయాయి. అయ్యగారికి అలవాటే, మూట కట్టుకోబోయారు.

"ఇంకోటున్నది" అంది అవ్వ. చాటలో తనే బియ్యం పోసింది. పప్పు పెట్టింది. గుమ్మడికాయ ముక్క పెట్టింది. తమ్ముడి పేరు చెప్పింది.

మా తమ్ముడి మొహం వెలిగిపోయింది. "ఇప్పటికన్న నమ్మినవ్" అన్నాడు. అవ్వ వాడి వైపు చూడలేదు. నేను దగ్గరికి పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఎందుకవ్వా? పటేల్ చెప్పిండని ఇస్తున్నవా? వాడు ఉరికిండని నువ్వే గద అంటివి."

"ఉరికిండు బిడ్డా. ఇప్పటికి ఉరుకుతనే ఉన్నడు. కండ్లు మూస్తే మక్కశేన్ల ఉరుకుతడు. మల్లి ఎన్కకు తిరిగి సూస్తే గా బొమ్మ మొకం ఉంటది. పండ్లన్ని ఉన్నోడు." చాటలో బియ్యం చేత్తో సర్దింది. "నా తమ్ముని మొకం పోయింది. గా బుగ్గ ఎలిగిన కాడికెల్లి దేవులాడుతున్న. వస్తలేదు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. సగం వచ్చిన పన్ను. ఎడమ కనుబొమ్మలో గాటు. దొప్పల్లాంటి చెవులు. నవ్వితే మూసుకుపోయే కన్ను. పాఠం అప్పజెప్పినట్టు గబగబా చెప్పాను. అవ్వ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. తల అడ్డంగా ఊపింది.

"మాటలు నాకు గూడ యాదికున్నయే. మొకమే లేదు. రేపు వాడొచ్చి గడపల నిలవడి నవ్వినా నేను గుర్తువట్ట. నేను గుర్తువట్టకుంటే వానికి ఇంకెవలున్నరు? ఇయ్యనియ్యి."

అయ్యగారు పేరు చదివారు. మా తమ్ముడు చెంబెత్తి నీళ్లు వదిలాడు. చాట మీద ఏటా అడ్డం వచ్చే చెయ్యి ఈసారి అవ్వ ఒళ్లోనే ఉంది. కిటికీ చువ్వకు దీపాలకు ముందు రాఖీ పున్నం నాడు కట్టిన రాఖీ ఇంకా కొత్తగానే ఉంది. చూసిన చావుకే బియ్యం అనేది అవ్వ. మా మామ చావు నేను చూశాను. వాడు పోయింది వాగు దగ్గర కాదు, ఎల్లారెడ్డిలో, అందరూ చప్పట్లు కొడుతుండగా.